ఆ గ్రూపులో మా అల్లుడున్నాడు

మీ ప్రశ్నని ముందు నా మాటల్లో చెప్పుకుంటాను. సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో మీకే తెలుస్తుంది.

మీకు 31. ఊరు తెనాలి దగ్గర, ఉద్యోగం హైదరాబాద్‌లో. మియాపూర్‌లో ఒక్కరే ఉంటున్నారు. 2024 జూన్ 4న ఎన్నికల ఫలితాలు వస్తుంటే ఇంటిపేరు వాట్సాప్ గ్రూపులో మీకూ మీ బాబాయికీ మాటామాటా పెరిగింది. ఆయన "నీకు కాలేజీ ఫీజు కట్టింది ఇందుకేనా" అన్నారు. మీరు "లెక్క చెప్పండి, ఫోన్‌పే చేస్తాను" అన్నారు. గ్రూపులోంచి బయటికొచ్చేశారు. అప్పట్నుంచి మాటల్లేవు. వచ్చే మాఘంలో ఆయన పెద్దమ్మాయి పెళ్ళి. శుభలేఖ పీడీఎఫ్ మీ అమ్మగారి ఫోన్‌కి వచ్చింది, మీకు రాలేదు. అమ్మ సారీ చెప్పమంటోంది. మీరు అడిగినవి మూడు: మళ్ళీ గ్రూపులో చేరాలా, రాజకీయాలు మాట్లాడటం పూర్తిగా మానెయ్యాలా, ఒక్కడినే ఉండటం నాకు ఇష్టమే గానీ రాత్రి రెండింటిదాకా ఫోన్ చూస్తూ కూర్చుంటే లోపల ఏదో ఖాళీగా ఉంటోంది, ఇది జబ్బా?

మీరు ఏ పార్టీయో, బాబాయి ఏ పార్టీయో కూడా రాశారు. నేనిక్కడ చెప్పను. అటుదిటు చేసినా కథ మారదు. 2019 మే 23న ఒక పార్టీకి 151 సీట్లొచ్చినప్పుడు చాలా ఇళ్ళలో ఇదే గొడవ జరిగింది. అయిదేళ్ళకి అదే పార్టీ 11 దగ్గర ఆగినప్పుడు అవే ఇళ్ళలో, అవే గ్రూపుల్లో, తిరగేసి జరిగింది. అప్పుడు నవ్వినవాళ్ళు ఇప్పుడు ఫోన్లు పక్కన పెట్టారు, అంతే తేడా.

నేను మానసిక వైద్యుణ్ణి కాదు. ఒక తెలుగు దినపత్రిక డెస్క్‌లో 31 ఏళ్ళు పనిచేశాను. చివరి తొమ్మిదేళ్ళు పాఠకుల ఉత్తరాల పేజీ చూశాను. 2020లో రిటైరయ్యి విజయవాడలో ఉంటున్నాను. మా బంధువుల గ్రూపుకి అడ్మిన్‌ని కూడా. మొత్తం 112 మంది. డెస్క్ ఉద్యోగం దీనికన్నా నయం, అక్కడ జీతమన్నా వచ్చేది.

ఇక నా తప్పుతోనే మొదలుపెడతాను. 2019 ఏప్రిల్, పోలింగుకి వారం ముందు. మా అక్క మొగుడు, అంటే మా బావ, గ్రూపులో ఒక పెద్ద వంతెన ఫొటో పెట్టి ఇది మన రాష్ట్రంలో కట్టిందే అన్నాడు. చూడగానే మనది కాదని తెలిసిపోతోంది. డెస్క్ మనిషిని కదా, చెయ్యి ఊరుకోలేదు. పది నిమిషాల్లో అసలు ఫొటో వెతికి పట్టుకున్నాను. అది చైనాలోది. లింకుతో సహా గ్రూపులో పెట్టి, కింద నవ్వే బొమ్మ ఒకటి తగిలించాను. ఎనిమిది మంది బొటనవేళ్ళు చూపించారు. బావ అయిదు నిమిషాల్లో గ్రూపులోంచి వెళ్ళిపోయాడు. పది నెలలు మాతో మాట్లాడలేదు. మా అక్క రహస్యంగా ఫోన్ చేసేది, పెళ్ళికాని పిల్ల చాటుగా చేసినట్టు.

2020 ఫిబ్రవరిలో మా పెద్దమ్మ పెద్దకర్మలో కలిశాం. పంక్తిలో బావ పెరుగు బకెట్టు పట్టుకుని వడ్డిస్తున్నాడు. నా విస్తరి దగ్గరికొచ్చి ఆగాడు. ఒక గరిటె పోసి, వెళ్ళబోయి, అడక్కుండానే ఇంకో గరిటె పోశాడు. నేను పెరుగు ఎక్కువ పోసుకుంటానని ఆయనకి తెలుసు. ఏమీ మాట్లాడలేదు. భోజనాలయ్యాక వరండాలో వక్కపొడి నములుతూ తనే ఎత్తాడు. "ఆ ఫొటో మనది కాదని నాకూ అనుమానం వచ్చిందయ్యా. నువ్వు ఫోన్ చేసి చెబితే నేనే తీసేసేవాణ్ణి. ఆ గ్రూపులో మా అల్లుడున్నాడు."

నేను అబద్ధాన్ని సరిచేశాననే అనుకుంటున్నాను. ఆయన దృష్టిలో నేను, కూతుర్నిచ్చుకున్న ఇంటి పిల్లాడి ముందు ఆయన్ని నిలబెట్టి పంచె ఊడదీశాను. ఇద్దరి మాటా నిజమే. ఫొటో గురించి ఆయనకి నాతో పేచీ లేనే లేదు.

మీ సంగతిలోకి వస్తే, మీ గ్రూపులో ఎవరెవరున్నారో ఒకసారి గుర్తు చేసుకోండి. 68 మంది అన్నారు. అందులో మీ పిన్ని పుట్టింటివాళ్ళు ఉన్నారా? మీ బాబాయి తోటి ఉద్యోగం చేసే బంధువెవరైనా? ఆ వేళకే సంబంధం మాట్లాడుతున్న మధ్యవర్తి ఉన్నాడేమో? ఆయన "ఫీజు కట్టాను" అన్నది తప్పే, నలుగురిలో అనకూడదు. కానీ ఆ మాట మీ కోసం అన్నది కాదని నా అనుమానం. తన చేత్తో చదివించిన కుర్రాడు తనని నలుగురి ముందు తీసిపారేస్తుంటే, ఆ నలుగురికీ "నేను వీడికి ఎవర్నో మీకు తెలుసా" అని చెప్పుకోవడం అది. మీరు కూడా ఫోన్‌పే మాట ఆయన కోసం అనలేదు. మీ వయసు కజిన్స్ చూస్తున్నారు. తల వంచితే రేపట్నుంచి మీమ్ అవుతారు.

ఇద్దరే ఉండి ఉంటే ఈ రెండు మాటలూ పుట్టేవి కావు.

మా ఇంట్లో 1983 జనవరి ఎన్నికలు నాకు బాగా గుర్తు. నాకప్పుడు 21. తెలుగుదేశం పుట్టి తొమ్మిది నెలలే. మా నాన్న కాంగ్రెస్, మా మేనమామ కొత్తగా సైకిలెక్కాడు. సాయంత్రం అరుగు మీద ఇద్దరూ కూర్చున్నారంటే వీధి చివరిదాకా వినపడేది. కండువాలు విసిరేసుకునేంత వరకూ వెళ్ళేది. ఇంతలో లోపల్నుంచి మా అమ్మ "పులుసు చల్లారిపోతోంది" అనేది. లేచేవాళ్ళు. కాళ్ళు కడుక్కునేటప్పుడు నాన్నే చెంబుతో నీళ్ళు పోసేవాడు. రాజకీయం మీద ఏకాభిప్రాయం చచ్చేదాకా రాలేదు, రావాల్సిన అవసరమూ పడలేదు. తగాదాకి ఒక వేళ ఉండేది, ఆగడానికి ఒక వంక దొరికేది. వాట్సాప్‌లో పులుసు చల్లారదు.

అయితే నేను అరుగుల కాలాన్ని మెచ్చుకుంటున్నానని అనుకోకండి. ఆ అరుగు మీద కూర్చునే హక్కు ఎంతమందికి ఉండేది? మా పాలేరు కిందే నిలబడేవాడు. మా అమ్మ తలుపు వెనక నుంచి పులుసు గురించి తప్ప ఇంకేం మాట్లాడేది కాదు, ఆవిడకి ఓటుంది, అభిప్రాయమూ ఉంది. ఇవాళ మా వీధిలో బట్టలు కుట్టే ఆవిడ డ్రైనేజీ నీళ్ళు ఇంట్లోకొస్తున్నాయని ఫేస్‌బుక్‌లో వీడియో పెడితే కార్పొరేటర్ మనుషులు పరిగెత్తుకొచ్చారు. నాన్నకీ మేనమామకీ దొరికిన అరుగు ఆవిడకి ఫోన్‌లో దొరికింది. అందుకే ఫోన్లు పారేయండనే సలహా ఇచ్చేవాళ్ళంటే నాకు చిరాకు. వాళ్ళకెప్పుడూ అరుగు మీద చోటు ఉండే ఉంటుంది.

ఉత్తరాల పేజీలో నేను నేర్చుకున్నది ఒకటి చెప్తాను. కోపంగా రాసే పాఠకుల కార్డులు కొన్ని ఉండేవి. అర్ధరూపాయి పోస్టుకార్డు మీద, సందు లేకుండా, అంచుల్లో కూడా తిప్పి తిప్పి రాసేవాళ్ళు. మొదట్లో వెంటనే వేసేసేవాణ్ణి, ఘాటుగా ఉంటాయని. తర్వాత గమనించాను. కొందరి నుంచి రెండో కార్డు వచ్చేది. "నిన్న రాసినది దయచేసి ప్రచురించవద్దు." అప్పట్నుంచి ఘాటైన ఉత్తరమేదైనా రెండు రోజులు డ్రాయర్లో పెట్టేవాణ్ణి, రెండో కార్డు వస్తుందేమోనని. వాట్సాప్ వాడు కూడా ఇప్పుడు దాదాపు అంతే గడువిస్తున్నాడు. 2017లో పంపిన మెసేజ్‌ని అందరికీ డిలీట్ చెయ్యడానికి ఏడు నిమిషాలే ఇచ్చేవాడు, 2022 ఆగస్టు నుంచి రెండున్నర రోజులు. కాకపోతే నా డ్రాయర్లో ఉన్న కార్డుని ఎవరూ చదివేవాళ్ళు కాదు. ఇక్కడ 68 మంది చదివేశాక డిలీట్ చేస్తే, చదవని ఇద్దరు కూడా "ఏం రాశాడు, ఏం రాశాడు" అని మొదలుపెడతారు.

మీరు గ్రూపు వదిలిన విషయంలో ఒక మాట. తలుపు ధడాలున వేసి వచ్చాననుకుంటున్నారు కదా. ఆ చప్పుడు చాలామందికి వినపడి ఉండదు. మా బావ వెళ్ళిపోయినప్పుడు ఫలానావారు వెళ్ళిపోయారని గ్రూపులో అందరికీ పడేది. 2022 ఆగస్టులో అది మార్చారు, ఇప్పుడు అడ్మిన్లకి మాత్రమే తెలుస్తుంది. పనిగట్టుకుని పాత సభ్యుల జాబితా తెరిస్తే 60 రోజులపాటు కనిపిస్తుంది, అంతే. మీ గ్రూపులో సగం మంది మీరింకా ఉన్నారనే అనుకుంటూ ఉంటారు. పోయిన సంక్రాంతికి మీకు శుభాకాంక్షలు చెప్పినవాళ్ళు కూడా ఉండొచ్చు. అడ్మిన్ ఎవరు? మీ బాబాయే అయితే ఆయన ఒక్కడికే తెలుసు మీరు వెళ్ళిపోయారని. ఎవరికీ చెప్పకుండా ఏడాదిగా మోస్తున్నాడేమో కూడా.

కాబట్టి మొదటి ప్రశ్నకి జవాబు: గ్రూపులో చేరడం గురించి ఇప్పుడు ఆలోచించొద్దు. గ్రూపులో సారీ చెప్పడం మాత్రం అస్సలొద్దు. అక్కడ చెప్పే సారీ కూడా జనం కోసమే అవుతుంది. మెచ్చుకునే చేతులు, దండాల బొమ్మలు, "గ్రేట్ నాన్నా" అంటూ పెదనాన్నలు, మళ్ళీ అదే గోల. బాబాయికి ఫోన్ చెయ్యండి. మెసేజ్ కాదు, ఫోన్. సాయంత్రం టీవీలో చర్చలు నడిచే టైములో వద్దు, అప్పుడు ఏ ఇంట్లో మగాడికైనా బీపీ ఎక్కువే ఉంటుంది. ఉదయం టిఫిన్లయ్యాక, తొమ్మిదీ తొమ్మిదిన్నర మధ్య చెయ్యండి. పార్టీ ఊసు ఎత్తొద్దు. "బాబాయ్, ఆ రోజు ఫోన్‌పే మాట అనకుండా ఉండాల్సింది" అనండి, అక్కడితో ఆపండి. దాని వెనకాల "కానీ మీరు కూడా" అన్నారంటే ఆ ముందు చెప్పినదంతా రద్దయిపోతుంది.

ఆయన ఏమంటారో ఊహించగలను. "ఏ మాట? నాకేం గుర్తులేదే" అంటారు. గుర్తుంటుంది, అక్షరం పొల్లుపోకుండా. గుర్తులేదనడం ఆయన మిమ్మల్ని క్షమించే పద్ధతి, మన పెద్దవాళ్ళు ఆ పదం వాడరు. మీరు గుర్తుచెయ్యడానికి ప్రయత్నించకండి. "పెళ్ళి పనులు ఎంతవరకొచ్చాయి" అని అడగండి. ఫోన్ ఎత్తకపోతే రెండు రోజులాగి మళ్ళీ చెయ్యండి. అప్పటికీ ఎత్తకపోతే ఆదివారం చూసుకుని ఊరెళ్ళండి. ఇంటికొచ్చినవాణ్ణి గుమ్మంలోంచి పొమ్మనే బాబాయిలు చాలా తక్కువ.

అయినా ఆయన మొహం చాటేస్తే? చెయ్యగలిగింది చేశారు, వదిలెయ్యండి. అన్ని తెగిన దారాలూ ముడిపడవు. మా చిన్నాన్న కొడుకొకడు తెలంగాణ ఉద్యమం రోజుల్లో నాతో పోట్లాడి ఇప్పటికీ ముభావంగానే ఉంటాడు, మా అబ్బాయి ఫొటోకి మాత్రం లైక్ కొడతాడు. దాంతోనే సర్దుకున్నాను.

రెండోది, రాజకీయాలు మానెయ్యాలా అని. వద్దు. మా గ్రూపులో చేసిన ప్రయోగం చెప్తే నవ్వుతారు. 2024లో ఎన్నికల షెడ్యూలు రాగానే నేను అడ్మిన్ హోదాలో, ఫలితాలొచ్చేదాకా ఇక్కడ రాజకీయాలు నిషేధం అన్నాను. అంతమంది నోరు కట్టెయ్యడం అన్యాయం కదా అని, "అరుగు" అని ఇంకో గ్రూపు పెట్టి ఇష్టమున్నవాళ్ళు అక్కడికెళ్ళి కొట్టుకోండన్నాను. 112 మందిలో 14 మంది వెళ్ళారు, అందరూ మగవాళ్ళే. మొదటి వారం అగ్గి. రెండో వారం అయిదుగురే మిగిలారు. మూడో వారానికి గుడ్‌మార్నింగ్‌లు మొదలయ్యాయి. పెద్ద గ్రూపులో రోజుకి నలభై మెసేజ్‌లు పెట్టే మా బాబాయి కొడుకుని "ఏరా, అరుగులో ఏం రాయట్లేదు" అని అడిగితే, "అక్కడ చూసేవాళ్ళెవరున్నారన్నయ్యా" అన్నాడు. పాపం, ఉన్నమాటే చెప్పాడు.

మీరు రాసినదాంట్లో ఒకటి నాకు కొట్టొచ్చినట్టు కనిపించింది. రాత్రి రెండింటిదాకా ఆంధ్ర రాజకీయాల వీడియోలు, వాటి కింద కామెంట్లు. ఎదుటి పార్టీవాళ్ళని పచ్చ బ్యాచ్ అని ఒకళ్ళు, పేటీఎం బ్యాచ్ అని ఇంకొకళ్ళు తిట్టుకోవడం. ఆరేళ్ళుగా మియాపూర్‌లో ఉంటున్నానన్నారు. 2020 డిసెంబర్ 1న జీహెచ్ఎంసీ, అంటే హైదరాబాద్ కార్పొరేషన్ ఎన్నికలు జరిగాయి, సగం మంది ఓటర్లు కూడా పోలింగ్ బూత్‌కి వెళ్ళలేదు. మీరు వెళ్ళారా? మీ ఓటు ఎక్కడుంది, ఊళ్ళోనా, ఇక్కడా? ఊళ్ళో ఉంటే ఉండనివ్వండి, 2024 మే 13న బస్సుల్లో నిలబడి వెళ్ళి ఓటేసొచ్చినవాళ్ళని చూసి నేను సంతోషించినవాణ్ణే. కానీ మీరు రోజూ తాగే నీళ్ళు, నడిచే రోడ్డు, కట్టే ఆస్తిపన్ను వాటా ఇక్కడివి. వీటి గురించి ఎప్పుడైనా ఒక దరఖాస్తు పెట్టారా? సమాచార హక్కు కింద ఒక కాగితం రాస్తే 30 రోజుల్లో జవాబివ్వాలి, అదీ రాజకీయమే. దానికి లైకులు రావు. నేను ఉత్తరాల పేజీలో చూసినంతలో, మా వీధి కల్వర్టు గురించి ఏడుసార్లు ఉత్తరం రాసి ఎనిమిదోసారి పని చేయించుకున్న రిటైర్డు మాస్టారుగారు ఎవరి మీదా అరిచేవాడు కాదు. అరిచే ఓపిక ఆయనకి మిగిలేది కాదనుకుంటా.

బంధువులతో మాట్లాడాలా వద్దా అనేదానికి నేను పెట్టుకున్న గీత ఒకటుంది. మా నాయకుడు గొప్ప, మీ నాయకుడు దొంగ అనే రకం ఫార్వర్డులు చూసీచూడనట్టు పోతాను. తప్పుడు ఫొటో అయితే పంపినవాళ్ళకి విడిగా ఫోన్ చేస్తాను, బావ నేర్పిన పాఠం. ఒక మనిషినో కులాన్నో మతాన్నో కొట్టించే రకమైతే మాత్రం ఎవరి అల్లుడున్నా సరే, అక్కడే, ఆ నిమిషంలోనే "ఇది అబద్ధం, ఎవరూ ముందుకి పంపకండి" అని రాస్తాను. 2018 జూలైలో హైదరాబాద్ నుంచి కర్ణాటకలోని బీదర్ జిల్లాకి వెళ్ళిన ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాణ్ణి, పిల్లల్ని ఎత్తుకుపోయేవాడనే పుకారుతో జనం కొట్టి చంపేశారు. ఆ ఏడాది అలాంటివి దేశంలో చాలా జరిగాకే వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజ్‌ని ఒకేసారి అయిదుగురికి మించి ఫార్వర్డ్ చెయ్యకుండా ఆపింది. 2020 ఏప్రిల్‌లో, ఎక్కువసార్లు చేతులు మారి రెండు బాణాల గుర్తుతో వచ్చే మెసేజ్‌లకి ఒక్కటే అన్నారు. ఆ రెండు బాణాలు కనిపిస్తే నేను ఇప్పటికీ కళ్ళజోడు సర్దుకుని చదువుతాను. ఈ విషయంలో మర్యాదలు చూసుకుని నోరు మూసుకోవడం నాకు చేతకాదు, చెయ్యనక్కర్లేదు కూడా. మీ బాబాయి ఆ రోజు పెట్టింది ఇలాంటిదేనా? మీరు రాసినదాన్నిబట్టి కాదు. గెలుపు పాటలు, ఓటమి వెక్కిరింతలు. వాటికోసం చెల్లెలి పెళ్ళి పోగొట్టుకోకండి.

ఇక మూడోది. ఇది మీరు చివర్లో రెండు లైన్లలో రాశారు గానీ, అసలు ప్రశ్న ఇదేనని నాకనిపించింది.

మన భాషలో దీనికి రెండు మాటలున్నాయి, అది మన అదృష్టం. ఏకాంతం, ఒంటరితనం. మొన్న మా ఆవిడ మా అమ్మాయి పురిటికని డల్లాస్ వెళ్ళి ఆరు నెలలుంది. మొదటి పది రోజులు నాకు ఇల్లంతా నాదే అన్నట్టుంది. ఇష్టమొచ్చినప్పుడు కాఫీ, అర్ధరాత్రి పాత పాటలు, తెల్లవారుజామున ప్రకాశం బ్యారేజీ మీద నడక, ఎవరూ ఎక్కడికని అడగరు. పదకొండో రోజో పన్నెండో రోజో మధ్యాహ్నం మూడింటికి ఫోన్ చూస్తే 300 మెసేజ్‌లున్నాయి. గుడ్‌మార్నింగ్ పూలు, దేవుళ్ళు, పుట్టినరోజు కేకులు, ఒక చావు కబురు, దాని కింద వరసగా ఓం శాంతి. అన్నీ చూసుకుంటూ పోయాను. "తిన్నావా" అని ఒక్కరూ అడగలేదు. ఆ రోజు నేను నిజంగానే తినలేదు, వండుకోవడం బద్ధకమేసి. ఆ మధ్యాహ్నం ఉన్నదాన్ని ఒంటరితనం అంటారు. అంతకు ముందు పది రోజులు ఉన్నది ఏకాంతం. ఇల్లు అదే, మనిషిని నేనే.

మరి మీ రాత్రి రెండింటి ఫోన్? ఏకాంతమా అంటే, ఆ గదిలో వెయ్యి మంది అరుస్తున్నారు. తోడా అంటే, వాళ్ళలో ఒక్కడికీ మీ పేరు తెలియదు. రెంటికీ చెడ్డ రేవడు అంటారే, అదీ. పొద్దున్న లేచేసరికి విశ్రాంతీ ఉండదు, ఒక మనిషితో మాట్లాడిన తృప్తీ ఉండదు. మీరు ఖాళీ అంటున్నది ఇదేనని నా అంచనా.

జబ్బా అంటే, మీ ఒక్కరికే ఉన్నది మాత్రం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జూన్‌లో ఇచ్చిన నివేదికలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని చెప్పింది. మీ ఆఫీసులో మీ వరసలో ఆరుగురు కూర్చుంటే మీరో, మీ పక్కవాడో. అయితే కొన్ని వారాలుగా నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం, ఇష్టమైన పని కూడా చెయ్యబుద్ధి కాకపోవడం, బతకడం దండగ అనిపించడం ఉంటే నాలాంటి రిటైర్డు మనిషి సలహాతో సరిపెట్టుకోకండి. మనసు బాగాలేనివాళ్ళతో మాట్లాడటానికి ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో పెట్టిన టెలీ మానస్ ఫోన్ నంబరు 14416. డబ్బులక్కర్లేదు, రాత్రి రెండింటికైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. ఆ టైములో ఎలాగూ మేలుకునే ఉంటున్నారు కదా.

అదేమీ లేకపోతే, మీరు చెయ్యాల్సింది చాలా చిన్నది. వారానికి ఇద్దరికి ఫోన్ చెయ్యండి, పనేమీ లేకుండా. మొదట్లో వాళ్ళు "ఏంటి, ఏమైంది, డబ్బులేమైనా కావాలా" అని కంగారుపడతారు, పట్టించుకోకండి. ఫోన్ వంటింట్లో ఛార్జింగ్‌కి పెట్టి పడుకోండి, అలారానికి వంద రూపాయల గడియారం కొనుక్కోండి. ఒక్కరే ఉండటం మీకు ఇష్టమైతే దాన్ని ఎవరికోసమూ మార్చుకోకండి. మీ అమ్మగారు దీనికి మందు పెళ్ళేనంటారు, నాకు తెలుసు. ఆ విషయంలో నన్ను సాక్ష్యానికి పిలవొద్దు.

నాకు ఈ మధ్య బాగా గుర్తొచ్చే సంగతి ఒకటుంది. 2024 సెప్టెంబర్ మొదట్లో మా విజయవాడలో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు నా స్నేహితుడొకడు అక్కడ రెండో అంతస్తులో చిక్కుకుపోయాడు. కరెంటు లేదు, ఫోన్లు చచ్చిపోయాయి. ఆ అపార్ట్‌మెంట్ గ్రూపులో మే నెలలో జుట్టూజుట్టూ పట్టుకున్న ఇద్దరు పెద్దమనుషులు చీర కొంగులు ముడేసి, పడవలోంచి నీళ్ళ క్యాన్లు ఒకడు కట్టడం, ఒకడు పైకి లాగడం. మూడు రోజులు రాత్రిళ్ళు మేడ మీద చాపలేసుకుని కబుర్లు చెప్పుకున్నారట. మా వాడు ఆ మూడు రోజులూ అంత బాగా ఎప్పుడూ మాట్లాడుకోలేదంటాడు. ఇది వినగానే నాకూ కళ్ళు చెమ్మగిల్లాయి. తర్వాత అడిగాను, ఇప్పుడెలా ఉన్నారు వాళ్ళిద్దరూ అని. "నీళ్ళు తీశాయి, ఛార్జింగులొచ్చాయి. వరద ఎవరి తప్పో అని గ్రూపులో మళ్ళీ మొదలుపెట్టారు" అన్నాడు.

కనుక బాబాయితో మాటలు కలిసినంత మాత్రాన అంతా అయిపోతుందని అనుకోకండి. 2029 వస్తుంది, మళ్ళీ ఏదో ఒకటి అంటారు. ఈసారి గ్రూపులో కాకుండా, ఆయన వరండాలో అంటే చాలు. పెళ్ళయ్యాక ఆయనే మిమ్మల్ని గ్రూపులో చేర్చితే చేరండి, నోటిఫికేషన్లు ఎప్పటికీ మ్యూట్‌లో పెట్టుకోండి. చేర్చకపోతే అడగకండి.

మీరు ఒక వివరం రాశారు, దాని విలువ మీకు తెలిసి రాశారో లేదో. బాబాయికి ఇద్దరూ ఆడపిల్లలే అన్నారు. పెళ్ళిలో లాజహోమం దగ్గర పెళ్ళికూతురి దోసిట్లో పేలాలు పొయ్యాల్సింది అన్నదమ్ముడే. సొంతవాడు లేకపోతే పెదనాన్న కొడుకుని పిలుస్తారు, అంటే మిమ్మల్ని. పురోహితుడు "పిల్ల అన్నగారెవరండీ" అని కేకేసినప్పుడు మీరు లేకపోతే ఆయన పందిట్లో చుట్టూ చూడాలి, అందరి ముందూ. శుభలేఖ మీకు విడిగా పంపకపోవడానికి కోపమే కారణమో, ఇంటివాడికి కార్డేమిటనుకున్నారో నేను చెప్పలేను. రెండోదే అనుకుని వెళ్ళండి.

రెండు రోజుల ముందే వెళ్ళండి. బస్సుల బాధ్యతో, విడిదింటి బాధ్యతో మీరే అడిగి తీసుకోండి, పని చేస్తున్నవాడితో ఎవరూ రాజకీయాలు మాట్లాడరు. టికెట్ ఇప్పుడే చేయించుకోండి, మాఘంలో ముహూర్తాలు ఎక్కువ, రైళ్ళు దొరకవు. స్వెటర్ పెట్టుకోండి. ముహూర్తం తెల్లవారుజామునయితే పందిట్లో చలి కొరుకుతుంది, పేలాలు పోసేటప్పుడు చేతులు వణికితే మీ పిన్ని ఆ వీడియో గ్రూపులో పెట్టేస్తుంది.